సున్నం వాసన, ఇరవై పాటలు

ఆషాఢం మొదలైంది. మా వీధి చివర పోచమ్మ గుడికి బోనాల ముందు సున్నం కొడుతున్నారు. నిన్న సాయంత్రం పెరుగు ప్యాకెట్ కోసం బయటికెళ్ళాను. సన్నగా తుంపర పడుతోంది. గుడి గోడ పక్కనే మొక్కజొన్న పొత్తుల బండి. తడి సున్నం వాసన, నిప్పుల మీద కాలుతున్న పొత్తు వాసన కలిసి ఒక్కసారిగా ముక్కుకు తగిలేసరికి కాళ్ళు ఆగిపోయాయి. "సార్, కారం పెట్టాలా, ఉప్పు నిమ్మకాయ చాలా?" అని బండి అతను రెండుసార్లు అడిగాడట. నాకు వినపడలేదు. నేను అప్పటికే మెక్సికో సిటీలో, తోర్తియాల కొట్టు ముందు లైన్లో నిలబడి ఉన్నాను.

అక్కడ మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొద్దున్నే పొట్టు కడిగేసి రుబ్బుతారు. ఆ పిండితో చేసేవే తోర్తియాలు. వేల ఏళ్ళ నాటి పద్ధతి. సున్నం పడితేనే మొక్కజొన్నలో ఉన్న ఒక బి విటమిన్ ఒంటికి పడుతుందని తర్వాతెప్పుడో చదివాను. ఆ కొట్టు ముందు నుంచి వెళ్తుంటే కొత్తగా సున్నం వేసిన ఇంట్లో ఎవరో రొట్టెలు కాలుస్తున్నట్టు ఉండేది. ఆ వాసన నాకు ఒంటరిగా రాదు. వెనకాలే ఒక పాట తీసుకొస్తుంది. 'రే' అనే మెక్సికన్ రాక్ ఆల్బమ్‌లోని ఇరవై పాటల్లో ఏదో ఒకటి.

* * *

కంపెనీ వాళ్ళు మెక్సికో పంపుతామంటే మొదట నేనూ అందరిలాగే టోపీలు, ముళ్ళ చెట్లు ఊహించుకున్నాను. వెళ్ళి చూస్తే చల్లటి పీఠభూమి మీద, రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తులో, కంటికి ఆనని పెద్ద ఊరు. మెట్లెక్కితే ఆయాసం. సాంతా మరియా లా రిబేరా అనే పాత పేటలో ఒక రిటైర్డ్ టీచరు ఇంట్లో పై వాటా దొరికింది. ఆవిడని వీధంతా 'మాయెస్త్రా' అనేది, అంటే పంతులమ్మ. నేనూ అలాగే పిలిచేవాణ్ణి. ఆవిడ నన్ను 'హోవెన్' అనేది. కుర్రాడా అని. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, జుట్టు పలచబడుతోంది. అయినా ఆ పిలుపు బాగుండేది.

ఆ వీధికి గడియారం అక్కర్లేదు. పొద్దున చెత్త బండి వస్తే ముందు ఒకతను చేతి గంట ఊపుకుంటూ నడిచేవాడు. గంట వినపడగానే నైటీల మీద శాలువాలు కప్పుకుని ఆడవాళ్ళు, బకెట్లతో మగవాళ్ళు దిగేవాళ్ళు. తర్వాత గ్యాస్ సిలిండర్ల అరుపు. మధ్యాహ్నం పాత సామాన్లు కొనే ట్రక్కు. దానికి ఒక రికార్డింగ్ ఉండేది. ఒక చిన్నపిల్ల గొంతు, ముక్కుతో సాగదీస్తూ, పాత పరుపులు, ఫ్రిజ్‌లు, పొయ్యిలు, వాషింగ్ మెషీన్లు, తుప్పు ఇనుము ఏదున్నా కొంటాం అని. ఊరంతా అదే పిల్ల గొంతు. మన వీధుల్లో ఇప్పుడు తిరుగుతున్న పాత ఇనప సామాన్ల ఆటోల రికార్డింగ్ వింటే నవ్వొస్తుంది, రాగం తేడా అంతే. చీకటి పడ్డాక చిలగడదుంపల బండి. బండికి చిన్న పొయ్యి, దాని గొట్టంలోంచి ఆవిరి ఈల. రైలు దూరంగా వెళ్ళిపోతూ ఏడ్చినట్టు ఉంటుంది ఆ ఈల. మొదటి వారం ఆ ఈల విన్నప్పుడల్లా ఇంటికి ఫోన్ చేశాను.

అందరికన్నా చివర, తొమ్మిదింటికి, తమాలెల సైకిలు. తమాలె అంటే మొక్కజొన్న పిండిని ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించేది. దానికీ ఒక రికార్డింగే. వేడి వేడి వహాకా తమాలెలు అని. వహాకా అక్కడి దక్షిణాది రాష్ట్రం.

ఆల్బమ్ సంగతి చెప్తానని వీధి చప్పుళ్ళు చెప్తున్నానేంటని అనుకోవద్దు. నేను ఆ ఆల్బమ్‌ని తిరగేసి విన్నవాణ్ణి. దాని మూలాలు ముందు నా చెవిన పడ్డాయి, అది తర్వాత.

* * *

రోజూ సాన్ కోస్మే స్టేషన్లో మెట్రో ఎక్కి, తకుబా అనే స్టేషన్లో దిగి, లైను మారి ఆఫీసుకెళ్ళేవాణ్ణి. టికెట్ రెండు పేసోలు, ఎంత దూరమైనా. నారింజ రంగు రైళ్ళు, వాటికి రబ్బరు టైర్లు. బ్రేకు వేస్తే కాలిన రబ్బరు వాసన. స్టేషన్ పేరు చదవలేని వాళ్ళ కోసం ప్రతి స్టేషన్‌కీ ఒక బొమ్మ పెట్టారు. చపుల్తెపెక్‌కి మిడత, కొయొవాకాన్‌కి నక్క లాంటి కొయోటే. కొత్తలో నేనూ బొమ్మలు చూసుకునే దిగేవాణ్ణి. నిరక్షరాస్యుడి కష్టం ఏమిటో అప్పుడు అర్థమైంది.

ఆ రైళ్ళలో వీపుకి సంచీ తగిలించుకుని సీడీలు అమ్మేవాళ్ళు ఎక్కేవారు. సంచీలో పెద్ద స్పీకరు. తలుపులు మూసుకోగానే సంచీ మోగడం మొదలు. ఒక్కో పాటా పది సెకన్లు, టక్కున ఇంకోటి. పైన ఆయన గొంతు, "పది పేసోలే వెల, పది పేసోలే ఖరీదు". అచ్చం ఇలాగే, ఒకే మాట రెండు రకాలుగా. తర్వాతి స్టేషన్లో దిగి పక్క పెట్టెలోకి. ఇప్పుడు ఆ వీపు స్పీకర్లు లేవంటారు. పోనివ్వండి, పొద్దున ఏడింటికి వాటి పక్కన నిలబడ్డవాడికి ఆ బాధ తెలుసు.

ఒక రోజు ఒకాయన సంచీలోంచి మొదట ఒక పోల్కా దరువు వచ్చింది. ఉత్తరాది పల్లెల పాట, గొంతులో వెక్కిరింపు. పది సెకన్లకి అది ఆగి ఇనప కొట్టంలో సుత్తులు పడ్డట్టు హెవీ మెటల్, ఒకడు గొంతు చించుకుంటున్నాడు. మళ్ళీ పది సెకన్లు. ఈసారి బొలేరో, పాత సినిమాలో హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడ్డప్పుడు వచ్చేలాంటి మెత్తటి పాట. ఆ తర్వాత పెళ్ళి బ్యాండు బాకాలు. ఏదో కదంబం డిస్కు, తలా ఒక బ్యాండుది వేశారు కాబోలని పది పేసోలిచ్చి కొన్నాను. కవర్ మీద ఫొటోస్టాట్ కాగితం. చదవను కూడా లేదు.

రాత్రి లాప్‌టాప్‌లో పెట్టాను. నాతోపాటు ఉండే గుంటూరు కుర్రాడు వంటింట్లోంచి తొంగిచూసి, "అన్నా, నాలుగు ఇళ్ళ రేడియోలు ఒకేసారి మోగుతున్నట్టుంది, ఆపవా" అన్నాడు. వాడికి తెలియకుండానే చాలా మంచి విమర్శ చేశాడు.

మర్నాడు మాయెస్త్రా కొడుకు వచ్చినప్పుడు ఆ కాగితం చూపించాను. ఆయన పగలబడి నవ్వాడు. "ఇవన్నీ వేర్వేరు బ్యాండ్లనుకున్నావా? అందరూ ఒకళ్ళే. నువ్వు రోజూ లైను మారే స్టేషన్ పేరే వాళ్ళది. నీకు తగిలినవి చాలామటుకు ఒక్క ఆల్బమ్‌లోవే."

* * *

కఫే తకుబా. 1989లో మొదలైన బ్యాండు. నలుగురు. పాడేది రుబేన్ అల్బర్రాన్, సన్నటి ముక్కుగొంతు, ఆల్బమ్‌కో పేరు మార్చుకునే మనిషి. గిటారు హొసేలో రాంహెల్, బేసు ఆయన తమ్ముడు కీకే, కీబోర్డులు ఎమ్మాన్యుయెల్ దెల్ రెయాల్. డ్రమ్మరు లేడు. ఆ ముక్క నన్ను చాలా రోజులు వెంటాడింది. రాక్ బ్యాండుకి డ్రమ్మరు లేకపోవడమేమిటి? డ్రమ్ మెషీన్ పెట్టుకుని దాని మీదే నెట్టుకొచ్చారు. అసలు డ్రమ్ములతో చేసిన ఆల్బమ్ 2003లో గానీ రాలేదు. 'రే'లో పోల్కా అయినా, బొలేరో అయినా, మెటల్ అయినా కొట్టేది ఆ యంత్రమే. ఒకే మనిషి పగటి వేషాలు మార్చుకుని వీధిలో తిరిగినట్టు.

'రే' 1994లో వచ్చింది. చేయించినవాడు గుస్తావో సాంతావొలాయా, అర్జెంటీనా మనిషి. తన కుర్రతనంలో ఆర్కో ఇరిస్ అనే బ్యాండు పెట్టి అక్కడి జానపదాన్ని రాక్‌లో కలిపినవాడు. తర్వాతి కాలంలో సినిమా సంగీతానికి వరసగా రెండేళ్ళు ఆస్కారు కొట్టాడు. అలాంటి మనిషి చేతిలో పడ్డారు కాబట్టే ఇరవై పాటల్లో ఇరవై దారులు తొక్కినా ఎవరూ తప్పిపోలేదని నా అభిప్రాయం. మాయెస్త్రా కొడుకు దీన్ని ఒప్పుకోడు. కొన్ని పాటలు తప్పిపోయాయనే అంటాడు, పేర్లతో సహా.

బ్యాండు పేరు ఊరి నడిబొడ్డున ఉన్న ఒక పాత హోటల్ది. తకుబా వీధిలో 1912 నుంచీ ఉన్న కఫే. పేరు విషయంలో చిక్కు రాకుండా వీళ్ళు తమ పేర్లో ఒక అక్షరం మార్చి రాసుకుంటారు. ఒక ఆదివారం వెళ్ళాం. గోడల నిండా రంగు పలకలు, తెల్ల బట్టల్లో తల వెనక పెద్ద బో కట్టుకున్న వడ్డించే ఆడవాళ్ళు. పాలకూర రంగు సాసు పోసిన ఎంచిలాదాలు తిన్నాం. గుంటూరు కుర్రాడు బ్యాగులోంచి కారం పొట్లం తీశాడు. నేను చూడనట్టు నటించాను.

తర్వాత మ్యాపు చూస్తే ఒక విషయం తట్టింది. ఆ కఫే ఉన్న వీధే పడమరకి సాగి మా సాన్ కోస్మే రోడ్డవుతుంది. అదే ఇంకా సాగి తకుబాకి పోతుంది. స్పానిష్ వాళ్ళు రాకముందు చెరువు మధ్యలో ఉన్న ఊరి నుంచి గట్టుకి వేసిన కట్ట దారి అది. 1520లో ఆ ఊరి మీదికొచ్చిన స్పానిష్ దండనాయకుడు కోర్తేస్ సైన్యం ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయింది ఆ దారినే. మెట్రో కూడా దాని కిందే పోయి, క్వాత్రో కామినోస్ దగ్గర ఆగుతుంది. అక్కణ్ణించి బస్సెక్కితే సాతేలితే, బ్యాండు పుట్టిన పేట. వాళ్ళ పేరు, వాళ్ళ ఊరు, నా అద్దె గది ఒకే దారి మీద ఉన్నాయి.

* * *

మాయెస్త్రా వంటింట్లో ఒక ఎర్రటి పానీయం ఎప్పుడూ జగ్గులో ఉండేది. హమైకా నీళ్ళు అంటారు. మొదటిసారి తాగి, ఆ పులుపు ఎక్కడిదో తెలిసినట్టే ఉండి, తెలియక కొట్టుకున్నాను. ఎండిన పువ్వులు చూపించమని అడిగాను. చేతిలోకి తీసుకుంటే ఇంకేముంది, ఎర్ర గోంగూర కాయల పైన ఉండే కండగల రేకులు. మనం ఆకు తిని వదిలేసేదాన్ని వాళ్ళు మరిగించి పంచదార వేసి తాగుతున్నారు. గోంగూర ఆకు పచ్చడి చేస్తామంటే మాయెస్త్రా నమ్మలేదు. ఆకు కూడా తింటారా, పాపం అన్నట్టు చూసింది.

ఆ వంటింట్లో రేడియో ఎల్ ఫోనోగ్రాఫో అనే స్టేషన్ మీదే ఉండేది. రోజంతా పాత బొలేరోలు. అగుస్తీన్ లారా, త్రియో లోస్ పాంచోస్. బొలేరో పుట్టింది క్యూబాలో అయినా మెక్సికో దాన్ని దత్తత తీసుకుని పెంచింది. ఒక రోజు నా లాప్‌టాప్ కిందికి తెచ్చి 'రే'లో ఉన్న బొలేరో వినిపించాను, 'ఏసా నోచే'. ఆవిడ బెండకాయల్లా జిగురుండే నోపాల్ ముక్కలు, అంటే నాగజెముడు, తరుగుతోంది. కత్తి ఆగింది. పాట అయ్యేదాకా ఏమీ అనలేదు. చివర్లో, "ఎవరీ కుర్రాడు? దీన్ని చవేలా వార్గాస్ పాడాలి. వీడు ఏడవడానికి ఇంకా చిన్నవాడు" అంది. మళ్ళీ పెట్టమంది.

తర్వాత 'ఎల్ బొర్రేగో' పెట్టాను. సుత్తి దెబ్బల పాట. బొర్రేగో అంటే గొర్రె. నేనిది, నేనది అని ఒకదానికొకటి పొసగని జెండాలన్నీ మోసేవాణ్ణి వెటకారం చేసే పాట. ఆవిడ రెండు చెవులూ మూసుకుని కొడుకు వైపు చూసింది. "ఇది నా ఇంట్లో ఒకసారి మోగింది కదా?" అని. ఆయన తల దించుకున్నాడు. పదిహేడేళ్ళ వయసులో ఆ పాట పెట్టినందుకు ఆవిడ మీటరు దగ్గర కరెంటు తీసేసిందట.

* * *

శనివారాలు మాయెస్త్రా కొడుకుతో చోపో సంతకి పోయేవాణ్ణి. బ్వెనావిస్తా స్టేషన్ వెనక వీధిలో, మా ఇంటి నుంచి నడకే. 1980లో మా పేటలోని చోపో మ్యూజియం దగ్గర మొదలై, చోట్లు మారి మారి అక్కడికి చేరిన పాటల సంత. నల్ల బట్టలు, రంగు జుట్టు, పాత ఎల్‌పీలు, క్యాసెట్లు. డబ్బు లేకపోతే మార్పిడి. నా దగ్గర ఏముంది మార్చుకోవడానికి? ఒకసారి సరదాకి తెలుగు పాటల సీడీ ఒకటి తీసుకెళ్ళాను. నాలుగు కొంకీలు గుచ్చుకున్న పెదవులతో ఒక అబ్బాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చాలా మర్యాదగా తిరిగిచ్చేశాడు.

అక్కడ నడుస్తూ నడుస్తూ ఆయన నాకు కథ చెప్పేవాడు. 1971లో అవాందరో అనే చోట పెద్ద రాక్ పండగ జరిగింది. వాన, బురద, లక్షకి పైగా జనం. మాయెస్త్రా తమ్ముడు వెళ్ళి మూడో రోజు ఒక చెప్పుతో ఇంటికొచ్చాడట. పత్రికలు గగ్గోలు పెట్టాయి, ప్రభుత్వానికి కోపం వచ్చింది, రాక్‌కి రేడియో తలుపులు మూసుకున్నాయి. ఏళ్ళ తరబడి ఊరి అంచుల్లో పాడుబడ్డ షెడ్లలో వాయించుకున్నారు. ఎనభైల చివర్లో కంపెనీలు స్పానిష్ రాక్‌ని మళ్ళీ అమ్మడం మొదలుపెట్టాక గానీ పరిస్థితి మారలేదు.

"అప్పటికి మా చెవులు ఇంగ్లండులో ఉన్నాయి" అనేవాడు ఆయన. క్యూర్, స్మిత్స్, క్లాష్ లాంటి అక్కడి బ్యాండ్లు. కఫే తకుబా వాళ్ళు కూడా మొదట్లో ఆ పాటలే తలకెక్కించుకున్న పిల్లలు. సాతేలితే పేట అలాంటిది. ఒకసారి చూపించాడు. యాభైల్లో అమెరికా నమూనాలో కట్టిన పేట, కారు లేకపోతే పాల ప్యాకెట్ కూడా దొరకదు. హైవే మధ్యలో ఆర్కిటెక్టు బర్రగాన్, శిల్పి గోరిట్జ్ కలిసి నిలబెట్టిన ఐదు రంగుల కాంక్రీటు స్తంభాలు, తలుపులూ కిటికీలూ లేకుండా ఆకాశంలోకి. అక్కడి పిల్లలు టీవీలో అమెరికాని చూస్తారు, వీకెండుకి ఊళ్ళోకి వచ్చి మారియాచీ బాకాలు వింటారు. పనిమనిషి వంటింట్లో పెట్టుకున్న రేడియోలో బాందా పాటలు, అంటే బాకాల మేళం పాటలు, వాళ్ళ చెవిన పడతాయి. అయితే అవి వింటామని చెప్పుకోరు.

ఎందుకు చెప్పుకోరంటే అక్కడ ఒక మాట ఉంది, 'నాకో'. మన 'ఊర నాటు'కి దగ్గర, కానీ ఇంకా కొరకరానిది. అందులో కులం లాంటిదీ, రంగూ, పేదరికం అన్నీ కలిసి ఉంటాయి. ఉత్తరాది పోల్కా నాకో. కెబ్రదీతా డాన్సు నాకో. తాపీ మేస్త్రీల టోపీలు నాకో. ఎనభైల్లో బొతెయీతా దే హెరేస్ అనే బ్యాండు నాకో అయినదంతా బాగుంటుందని నినాదం చేసుకుని ఆ మాటని తిరగేసింది. కైఫానేస్ అనే నల్ల కోట్ల బ్యాండు కుంబియా అనే రకం డాన్సు పాట ఒకటి పాడి ఊరంతా ఆడించింది. వాళ్ళు తలుపు తెరిచారు. 'రే' వాళ్ళు ఆ తలుపులోంచి మొత్తం కుటుంబాన్ని, మేళంతో సహా లోపలికి తీసుకొచ్చారు. 'ఎల్ ఫిన్ దె లా ఇన్ఫాన్సియా' అనే పాటలో బాందా బాకాలు మోగుతుంటే మనకి మనంగా చిందెయ్యగలమా అని అడుగుతారు. ఆ పేరుకి అర్థం బాల్యం ముగియడం.

ఆయన ఇది చెప్తుంటే చోపో సంతలో నిలబడి నేను మా తాతని తలుచుకున్నాను. మాది కరీంనగర్ వైపు. మల్లన్న కథ చెప్పించారంటే మా తాత తెల్లారేదాకా కదిలేవాడు కాదు. ఒగ్గు డమరుకం, డోలు, తాళాలు. కథ చెప్పేవాడు ఒక్కడే రాజవుతాడు, ఒక్కడే ముసలమ్మవుతాడు. ఇంటర్‌కి హైదరాబాద్ వచ్చాక సెలవులకి ఊరెళ్తే, తాత రమ్మన్నా నేను వెళ్ళలేదు. అరుగు మీద పడుకుని చెవుల్లో వాక్‌మన్ పెట్టుకున్నాను. అందులో ఏముందో సిగ్గు విడిచి చెప్తాను. అవే, ఇంగ్లండు పాటలు. బ్యాటరీ అయిపోయి పాట సాగిపోతూ ఆగిపోతే డోలు వినపడేది. దుప్పటి ముసుగేసుకునేవాణ్ణి.

ఆయనకి ఇదంతా చెప్పలేదు. నా స్పానిష్ అంతదాకా రాదు. "మా దగ్గరా ఇలాంటి మాట ఉంది" అన్నాను. "ఉండకుండా ఎలా ఉంటుంది" అన్నాడు.

* * *

2009 ఏప్రిల్ చివర్లో ఊరికి కొత్త ఫ్లూ వచ్చింది. బడులు మూశారు. హోటళ్ళలో కూర్చోనివ్వలేదు. ఫుట్‌బాల్ మ్యాచులు ఖాళీ స్టేడియంలో ఆడారు. మెట్రో మెట్ల దగ్గర సైనికులు నీలం మాస్కులు పంచారు. తర్వాత పదకొండేళ్ళకి ప్రపంచమంతా మాస్కులు వేసుకున్నప్పుడు నాకు ఆ నీలం రంగే గుర్తొచ్చింది. ఆ గొడవ మధ్యలో ఒక మధ్యాహ్నం భూకంపం కూడా. పెద్ద నష్టం లేదు గానీ, మాస్కులు పెట్టుకుని వీధి మధ్యలో నిలబడి కరెంటు తీగలు ఊగడం చూస్తున్న జనం మొహాలు మర్చిపోలేను.

మా వీధి చచ్చిపోయినట్టయింది. తమాలెల సైకిలు రాలేదు. చిలగడదుంపల ఈల లేదు. పాత సామాన్ల పిల్ల గొంతు కూడా ఆగింది. మా పేట పార్కులో ఇనుముతో కట్టిన అరబ్బీ పద్ధతి మండపం ఉంది. వారాంతాల్లో అక్కడ ముసలివాళ్ళు దాన్సోన్ అనే జంట డాన్సు ఆడేవాళ్ళు, ఇస్త్రీ ప్యాంట్లు, విసనకర్రలు. అదీ ఖాళీ. గుంటూరు కుర్రాడు రోజుకి మూడుసార్లు ఇంటికి ఫోన్ చేసి, ఏం లేదమ్మా, ఏం లేదమ్మా అని చెప్పి టెన్షన్ పడుతూ కూర్చునేవాడు.

ఆ వారంలోనే 'రే' మొదటి పాట నుంచి ఇరవయ్యో పాట దాకా వరసగా విన్నాను. మాయెస్త్రా కొడుకు అసలు సీడీ ఇచ్చి పోయాడు. గంట సేపటి ఆల్బమ్. మెట్రో సంచీలో పది సెకన్ల ముక్కలుగా విన్నప్పుడు గజిబిజి అనిపించింది. వరసన వింటే అది మా వీధి. పొద్దున గంట, మధ్యాహ్నం ట్రక్కు, వంటింటి బొలేరో, పక్క మేడ మీద తాపీ పనివాళ్ళ బాకాల పాటలు, రాత్రి కుర్రాళ్ళ కార్లలో మెటల్. బయట అవి లేనందుకే లోపల ఉన్నాయని తెలిసింది. 'ఇస్తెపెక్' అని వహాకా వైపు ఊరి పేరు, 'త్లతోవాని' అని పాత నవా భాషలో రాజుని పిలిచే మాట, పెట్రోలు కంపెనీ కొలువు వదిలేసి పోతున్న ఇంజనీరు మీద ఇంకో పాట. సంగీత పత్రికలు దీన్ని లాటిన్ రాక్‌లో అన్నిటికన్నా గొప్ప ఆల్బమ్ అని ఎన్నుకున్నాయని తర్వాత తెలిసింది. ఎన్నుకోనివ్వండి. నాకు అప్పుడు అది చప్పుడు లేని వీధికి చప్పుడు.

* * *

మెట్రోలో మొదట విన్న ఆ పోల్కా పేరు 'లా ఇంగ్రాతా'. కృతఘ్నురాలా అని ప్రియురాల్ని తిట్టే పాట. పాత రాంచేరా, అంటే పల్లె పాటల మగ ఏడుపుని వెక్కిరిస్తూ, చివర రెండు తూటాలు కానుకగా ఇస్తానంటాడు. ఊరంతా పాడుతుంది. పెళ్ళిళ్ళలో గెంతుతారు. నేనూ ఒక ఆఫీసు పార్టీలో గెంతాను.

మాయెస్త్రా ఈ పాటకి మొదట నవ్వింది. తూటాల దగ్గర ఆగింది. "వీళ్ళు వెక్కిరిస్తున్నారని నాకు తెలుసు, హోవెన్. నీకూ తెలుసు. తాగి వినేవాడికి తెలుసా?" నాకు జవాబు తోచలేదు. పాటని పాటగా చూడాలి కదా అన్నట్టు ఏదో గొణిగాను. ఆవిడ ముప్ఫై ఏళ్ళు బడిలో పని చేసిన మనిషి. కొట్లాటల ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూసిందో.

2017లో వార్త చదివాను, ఆడవాళ్ళ హత్యలు ఇంతగా జరుగుతున్న దేశంలో ఆ పాట ఇక పాడలేమని బ్యాండే చెప్పింది. వయసులో ఉన్నప్పుడు రాశాం, అప్పుడు ఈ స్పృహ లేదన్నారు. చాలామంది తిట్టారు కూడా, కళని కళగా చూడరేమని. అచ్చంగా నేను గొణిగిన మాటే. మాయెస్త్రాకి మెసేజ్ పెట్టాను. ఆవిడ ఫోన్లో టైపు చెయ్యదు, గొంతు రికార్డు చేసి పంపుతుంది. వెనకాల రేడియో మోగుతోంది, బొలేరోనే. "ఆలస్యమైనా లెక్క సరిగ్గా చేశారు" అంది. పేపర్లు దిద్దినట్టు.

* * *

నా మెట్రో డిస్కు ఇంకా ఉంది. వెనక వైపు గీతలు. అందులో 'ఎల్ మెట్రో' అనే పాట ఉంది. ఒకడు మెట్రో పెట్టెలోకి ఎక్కుతాడు, నెలలు గడిచినా బయటపడలేడు, దిగబోతే ఎవరో ఒకరు లోపలికి తోస్తూనే ఉంటారు. రద్దీ వేళలో తకుబా స్టేషన్లో లైను మారిన ప్రతివాడికీ అది కల్పన కాదు. నేను రెండుసార్లు దిగలేక చివరి స్టేషన్ దాకా పోయి ఆఫీసులో తిట్లు తిన్నాను. దొంగ కాపీ చేసినవాడు ఎక్కడ తప్పు చేశాడో గానీ నా డిస్కులో ఆ పాట సగంలో తెగిపోతుంది. చప్పున, బ్యాటరీ పీకేసినట్టు.

పూర్తి పాట తర్వాత చాలాసార్లు విన్నాను. అయినా ఏం లాభం, నిన్న రాత్రి ఫోన్లో పెట్టుకుంటే, తెగే చోటు రాగానే చెయ్యి దానంతటదే ముందుకెళ్ళింది, లాప్‌టాప్ మీద తట్టడానికి. పాట తెగలేదు. నడుస్తూనే ఉంది. డ్రమ్ మెషీన్ టకటక కొట్టుకుంటూ పోతోంది. కిటికీలోంచి తడి సున్నం వాసన ఇంకా వస్తోంది. గుడి దగ్గర ఎవరో మంట వేసి డప్పు కాపుతున్నట్టున్నారు. రెండు దెబ్బలు వేశారు. సరిపోలేదేమో, కాసేపాగి మళ్ళీ రెండు.